ఊరి కింద నీళ్లెన్ని? పంచాయతీ గోడ మీద రాయాల్సిన లెక్క

రబీలో ఏ పంట వేయాలన్నది రైతు అక్టోబరు, నవంబరు నెలల్లోనే తేల్చుకోవాలి. నారు పోశాక, వేరుశనగ విత్తనం నేలలో పడ్డాక వెనక్కి తీసుకోవడం కుదరదు. బోరు కింద సేద్యం చేసే రైతుకు ఆ రోజున తెలియాల్సింది ఒకటే. ఈ ఏడు నా ఊరి కింద నీళ్లు ఎన్ని ఉన్నాయి? మార్చి దాకా వస్తాయా, రావా? అది తెలియకుండా వేసిన పందెం ఓడిపోతే ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు. ఫిబ్రవరిలో బోరు ఆగి ఆగి పోస్తుంది. పొట్ట దశలో ఉన్న వరి ఎండిపోతుంది. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని పాయింటు చూపించే మనిషి వస్తాడు, ఆ వెనకే అప్పు, ఆ వెనకే రిగ్గు.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి కావాల్సిన కొలతల్లో చాలా భాగం ప్రభుత్వం దగ్గర ఇప్పటికే ఉన్నాయి. కేంద్ర భూగర్భజల మండలి దేశమంతటా ఎంపిక చేసిన బావుల్లో ఏడాదికి నాలుగు సార్లు నీటి మట్టం కొలుస్తుంది. రాష్ట్రాల భూగర్భజల శాఖలు తమ బావులను మరింత తరచుగా చూస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యికి పైగా పీజోమీటర్లు ఉన్నాయి. పీజోమీటరు అంటే నీళ్లు తోడకుండా కేవలం మట్టం చూడటానికే వేసిన సన్నని బోరు. వాటి రీడింగులు రాష్ట్ర జలవనరుల పోర్టల్‌లో ఎవరైనా చూడొచ్చు. తెలంగాణ కూడా తన కొలతలను నెలవారీ నివేదికలుగా ఇస్తోంది. కాబట్టి ఈ సమాచారం దాచిపెట్టినదేమీ కాదు, బహిరంగంగానే ఉంది.

అయితే ఆంధ్రప్రదేశ్ విస్తీర్ణం సుమారు 1.6 లక్షల చదరపు కిలోమీటర్లు. గ్రామ పంచాయతీలు 13 వేలకు పైగా ఉన్నాయి. లెక్క వేస్తే ఒక్కో పీజోమీటరు వంద చదరపు కిలోమీటర్లకు పైగా నేలకు ప్రతినిధి. అంటే దాదాపు పది ఊళ్లకు ఒకటి. భూగర్భ జలాలను ఎంత వాడుతున్నామన్న అధికారిక అంచనాకు కూడా తెలుగు రాష్ట్రాల్లో మండలమే యూనిట్. 70 శాతం దాకా వాడితే సురక్షితం, 70 నుంచి 90 దాకా పాక్షిక సంక్లిష్టం, 90 నుంచి 100 దాకా సంక్లిష్టం, వంద దాటితే అతివినియోగం. ఒకే మండలంలో కాలువ పక్క ఊళ్లో మూడు మీటర్లకే నీళ్లు తగులుతాయి, మెట్ట మీది ఊళ్లో ముప్పై మీటర్లు దిగాలి. ఆ రెండింటికీ కలిపి ఇచ్చిన ఒక రంగు చూసి మెట్ట మీది రైతు ఏం నిర్ణయం తీసుకోగలడు?

దేశం స్థాయికి వెళ్తే అంకె ఇంకా మెత్తబడుతుంది. 2024 అంచనా ప్రకారం ఏడాదికి తోడుకోదగిన భూగర్భ జలం 406 బిలియన్ ఘనపు మీటర్లు, తోడుతున్నది 246. అంటే 60 శాతం. వినడానికి బాగానే ఉంది. అనంతపురంలోనో మహబూబ్‌నగర్‌లోనో నాలుగో బోరు వేయిస్తున్న కుటుంబానికి ఆ 60 శాతంతో పని లేదు.

కొలవడం ఎలా

లెక్కకు ముందు కొలత గురించి కొంచెం. బావిలో రాయి వేసి, చప్పుడు వినపడే దాకా పట్టిన సమయంతో లోతు కనుక్కునే ప్రశ్న ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలో అందరూ చేసే ఉంటారు. ఊరి నీటి లెక్కకు ఆ పద్ధతి పనికిరాదు. ఇరవై మీటర్ల లోతుకు రాయి పడటానికి రెండు సెకన్లు పడుతుంది. గడియారం నొక్కడంలో మన చేయి 0.2 సెకను తడబడితే లోతులో దాదాపు నాలుగు మీటర్ల తేడా వస్తుంది. వానాకాలం మొత్తానికి నీటి మట్టం పెరిగేదే కొన్ని చోట్ల నాలుగు మీటర్లు! సుద్ద రాసిన టేపును బావిలోకి దింపితే తడిసిన గీత సెంటీమీటర్లలో చెప్తుంది. నీళ్లు తగలగానే బీప్‌మనే సెన్సరు ఉన్న టేపులూ ఉన్నాయి. రెండూ పెద్ద ఖర్చు కావు, చదువు పెద్దగా లేని మనిషి కూడా ఒక పూటలో నేర్చుకోగలడు.

కష్టమంతా ఎప్పుడు కొలిచాం, ఏ బావిలో కొలిచాం అన్న దగ్గరే. మోటారు నడుస్తున్న బోరులో, లేదా అప్పుడే ఆపిన బోరులో కొలిస్తే వచ్చేది ఊరి నీటి మట్టం కాదు, ఆ బోరు చుట్టూ ఏర్పడిన గుంట లోతు. మోటారు ఆపి, మట్టం తిరిగి స్థిరపడే దాకా ఆగాలి. పక్క పొలంలో మోటారు నడుస్తున్నా ప్రభావం ఉంటుంది. ఇంకో చిక్కు మన నేలది. తెలుగు ప్రాంతంలో చాలా భాగం కింద గ్రానైటు లాంటి గట్టి రాయి ఉంది. పైన పది, ఇరవై మీటర్లు రాయి చివికిపోయి పొడిగా ఉంటుంది, ఊట నీరు ఎక్కువగా నిలిచేది ఆ పొరలోనే. దాని కింద నీళ్లు ఉండేవి పగుళ్లలో మాత్రమే. మూడు వందల అడుగుల బోరులో కనిపించే మట్టం ఒక్కోసారి పగుళ్లలోని పీడనాన్ని చూపిస్తుంది తప్ప నిల్వను కాదు. అందుకే ఊరి నిల్వ లెక్కకు చివికిన పొరలోని పాత దిగుడు బావి మట్టమే ఎక్కువ నమ్మదగినది. ఊళ్లో వాడకం లేని పాత బావి ఒకటి మిగిలి ఉంటే పూడ్చకుండా ఉంచడం మంచిది.

ఆటోమేటిక్ పీజోమీటర్లలో టేపు ఉండదు. నీటిలో వేలాడే సెన్సరు తన పైనున్న నీటి బరువు కలిగించే పీడనాన్ని కొలిచి లోతుగా మారుస్తుంది. ఒక మీటరు నీటికి 9.8 కిలోపాస్కల్స్. నీటి మీద గాలి పీడనం కూడా ఉంటుంది కదా. బంగాళాఖాతంలో తుపాను వచ్చి గాలి పీడనం 20 హెక్టోపాస్కల్స్ పడిపోతే, ఆ సవరణ చేయని సెన్సరు నీటి మట్టం 20 సెంటీమీటర్లు తగ్గిందని చెప్తుంది. బయట కుండపోత వాన కురుస్తుంటే! సరిగా అమర్చిన పరికరాలు ఈ సవరణ చేసుకుంటాయి. అయినా పోర్టల్‌లో అంకె కనిపించగానే అదే సత్యమనుకోకూడదని చెప్పడానికి ఇది మంచి ఉదాహరణ.

చివరగా, అంకెను చదవడంలో ఒక తికమక. నివేదికల్లో ఇచ్చేది నేల మట్టం నుంచి నీటి దాకా లోతు. కాబట్టి 14 నుంచి 9కి 'తగ్గితే' నీళ్లు పెరిగాయని అర్థం. ఈ ఒక్క విషయం వివరించకుండా బోర్డు రాస్తే సగం మంది తలకిందులుగా చదువుతారు. గోడ మీద అంకెకు బదులు బావి బొమ్మ గీసి నీలం రంగు వేస్తే ఈ గొడవే ఉండదు.

ఒక ఊరి లెక్క

ఊహాత్మకంగా ఒక ఊరు తీసుకుందాం. విస్తీర్ణం 1,000 హెక్టార్లు, అంటే సుమారు 2,500 ఎకరాలు. మే నెలలో సగటున 14 మీటర్ల లోతున ఉన్న నీరు నవంబరుకు 9 మీటర్లకు వచ్చింది. పెరుగుదల 5 మీటర్లు. అంటే ఊరి కింద 5 మీటర్ల మందంతో నీరు చేరిందా? లేదు. నీరు చేరింది రాతి పొడి రేణువుల మధ్య సందుల్లోకి. ఆ సందుల్లోంచి కూడా మనకు తిరిగి వచ్చే భాగం కొంతే, మిగతాది రేణువులకు అంటుకుని ఉండిపోతుంది. తోడితే వచ్చే ఈ భాగాన్ని స్పెసిఫిక్ ఈల్డ్ అంటారు. చివికిన గ్రానైటుకు అది ఒకటి నుంచి మూడు శాతం మాత్రమే. మన ఊరికి 2 శాతం అనుకుందాం.

1,000 హెక్టార్లు అంటే కోటి చదరపు మీటర్లు. దాన్ని 5తో, 0.02తో గుణిస్తే 10 లక్షల ఘనపు మీటర్లు. ఈ వానాకాలం ఊరి ఖాతాలో పడిన జమ అదీ.

ఇప్పుడు ఖర్చు. ఊళ్లో 3,000 మంది, మనిషికి రోజుకు 55 లీటర్ల చొప్పున ఏడాదికి 60 వేల ఘనపు మీటర్లు. పశువులకు, ఇతర అవసరాలకు ఇంకో 40 వేలు వేసి మొత్తం లక్ష పక్కన పెడదాం. మిగిలింది 9 లక్షలు. వరికి ఒక పంట కాలంలో సుమారు 1,200 మిల్లీమీటర్ల నీరు కావాలి, అంటే హెక్టారుకు 12 వేల ఘనపు మీటర్లు. 9 లక్షలతో 75 హెక్టార్ల వరి పండుతుంది, 185 ఎకరాలు. అదే నీటితో వేరుశనగ అయితే, 500 మిల్లీమీటర్ల చొప్పున, 180 హెక్టార్లు. దాదాపు 445 ఎకరాలు.

ఊళ్లో 300 ఎకరాలకు వరి నారు పోసి ఉంటే ఏం జరగబోతోందో నవంబరులోనే కనపడిపోతోంది. జ్యోతిషం అక్కర్లేదు, నాలుగు గుణకారాలు చాలు.

నిజానికి ఇది కొంచెం మొరటు లెక్క. మడి నీటిలో కొంత తిరిగి భూమిలోకి ఇంకుతుంది, కొంత నీరు వాగుల్లోకి ఊటగా వెళ్లిపోతుంది, పక్క ఊరి వైపూ జారుతుంది. అన్నిటికన్నా పెద్ద అనిశ్చితి ఆ 2 శాతం దగ్గరుంది. అది నిజానికి 1.5 శాతమే అయితే జమ ఏడున్నర లక్షలకు పడిపోతుంది, వరి 134 ఎకరాలకు తగ్గుతుంది. అందుకే ఇలాంటి బోర్డు మీద '185 ఎకరాలు' అని ఖచ్చితంగా రాయడం కన్నా '130 నుంచి 185 మధ్య' అని రాయడం నిజాయతీ. రైతులకు అనిశ్చితి అర్థం కాదని అధికారులు అనుకుంటారు. వానను నమ్ముకుని బతికే వాళ్లకు అనిశ్చితి గురించి మనం కొత్తగా చెప్పేదేముంది?

లెక్క వేసిన ఊళ్లు

మహారాష్ట్రలోని అహ్మద్‌నగర్ జిల్లాలో (ఇప్పుడు అహిల్యానగర్) హివరే బజార్ అనే చిన్న ఊరుంది. వర్షాభావ ప్రాంతం. పోపట్‌రావ్ పవార్ 1989లో సర్పంచి అయ్యాక అక్కడ కందకాలు, చెక్ డ్యాములు, చెట్ల పెంపకం జరిగాయి. అలాంటి పనులు చాలా ఊళ్లలో జరిగాయి. ఈ ఊరిని వేరుగా నిలిపింది ఆ తర్వాత మొదలైన వార్షిక నీటి ఆడిట్ అని నా అభిప్రాయం. ఊళ్లో కురిసిన వానను, బావుల్లో మట్టాలను కొలిచి ఏడాదికి ఎన్ని నీళ్లు ఉన్నాయో గ్రామ సభలో అందరి ముందూ పెడతారు. తాగునీరు, పశువుల నీరు ముందు తీసి, మిగిలినదాన్ని బట్టి పంటలు మాట్లాడుకుంటారు. సాగుకు బోర్లు వేయకూడదని, చెరకు, అరటి లాంటి నీటి దాహం పంటలు వద్దని ఊరే కట్టుబాటు పెట్టుకుంది. పవార్‌కు 2020లో పద్మశ్రీ వచ్చింది. గట్టి సర్పంచి, చిన్న ఊరు కాబట్టి కుదిరిందని అనేవాళ్లున్నారు. ఆ మాటలో నిజం లేకపోలేదు.

అలాంటి సర్పంచి లేని వందల ఊళ్లలో చేసిన ప్రయత్నం మన దగ్గరే జరిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో రైతులే భూగర్భ జలాలను నిర్వహించుకునే ప్రాజెక్టు ఒకటి 2000ల దశకంలో నడిచింది. ఏపీఫామ్‌గ్స్ అనేవారు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పడింది, స్థానిక స్వచ్ఛంద సంస్థలు నడిపించాయి. ఆడవాళ్లు, మగవాళ్లు వేల మంది వాన కొలిచారు, బావులు కొలిచారు, ఆ అంకెలను ఊరి గోడల మీద రాశారు. వానాకాలం అయ్యాక, రబీ విత్తనానికి ముందు అందరూ కూర్చుని పైన మనం వేసినలాంటి లెక్కే వేసుకునేవారు. ఎవరికీ ఆంక్షలు లేవు, సబ్సిడీలు లేవు. లెక్క చూసుకుని ఇంటికెళ్లి ఎవరి నిర్ణయం వాళ్లు తీసుకోవడమే.

వరి తగ్గించి తక్కువ నీటి పంటలకు మళ్లిన ఊళ్లున్నాయని ప్రపంచ బ్యాంకు 2010 నాటి నివేదికలో దీన్ని ప్రత్యేకంగా మెచ్చుకుంది. తర్వాత వచ్చిన పరిశీలనలు అంత ఉత్సాహం చూపలేదు. నిధులు ఆగాక కొలతలు ఎవరు కొనసాగిస్తారన్న ప్రశ్న అక్కడ తేలలేదు. నాకు ఈ రెండూ విరుద్ధంగా అనిపించవు. థర్మామీటరు జ్వరం చెప్తుంది, తగ్గించదు. పైగా ప్రాజెక్టు వాళ్లు తెచ్చిన థర్మామీటరు ప్రాజెక్టుతోపాటే వెళ్లిపోతే ఇబ్బందే. పంచాయతీ అవసరం వచ్చేది అక్కడే. అది ఏ ప్రాజెక్టుతోనూ ముగియదు.

చట్టం ఏమంటోంది

రాజ్యాంగం పదకొండో షెడ్యూల్‌లో పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాల్లో చిన్న నీటిపారుదల, నీటి యాజమాన్యం మూడోది. సమాచార హక్కు చట్టం 2005 అనగానే మనకు దరఖాస్తు, పది రూపాయల ఫీజు గుర్తొస్తాయి. ఆ చట్టంలో నాలుగో సెక్షన్ దరఖాస్తు లేకుండానే ప్రభుత్వ సంస్థలు తమంతట తామే సమాచారం వెల్లడించాలంటుంది. స్థానిక భాషలో, ఖర్చును, ఆ ప్రాంతంలో బాగా చేరే పద్ధతిని దృష్టిలో పెట్టుకుని చెప్పాలంటుంది. నోటీసు బోర్డులు, బహిరంగ ప్రకటనలు కూడా అందులో పేర్కొన్న మార్గాలే. అంటే గోడ మీద రాత, ఊళ్లో చాటింపు చట్టం దృష్టిలో వెబ్‌సైటుకు తక్కువేమీ కావు.

2019 డిసెంబరు 25న కేంద్రం ప్రారంభించిన అటల్ భూజల్ యోజన ఈ దిశలో ఒక అడుగు ముందుకేసింది. ఆరు వేల కోట్ల రూపాయల పథకం, ఏడు రాష్ట్రాల్లో ఎనిమిది వేలకు పైగా పంచాయతీలు. రాష్ట్రాలకు ప్రోత్సాహక నిధులు విడుదల కావడానికి పెట్టిన షరతుల్లో మొట్టమొదటిది భూగర్భజల సమాచారాన్ని బహిరంగపరచడం. తర్వాతే ఊరి నీటి ప్రణాళిక. గుజరాత్, హర్యానా, కర్ణాటక, మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ అందులో ఉన్నాయి. రైతుల చేత కొలతలు చేయించిన అనుభవం ఉన్న తెలుగు నేల మాత్రం ఆ జాబితాలో లేదు.

మట్టం తెలిస్తే సరిపోతుందా

ఇక్కడో ఇబ్బందికరమైన ప్రశ్న ఉంది. ఊరి కింద ఇంకా 9 లక్షల ఘనపు మీటర్లు ఉన్నాయని గోడ మీద రాస్తే, 'అయితే పక్కవాడికన్నా ముందు నేనే తోడేస్తా' అని ఎవరూ అనుకోరా? అనుకోవచ్చు. తన నేల కింది నీటిని తోడుకునే హక్కు భూమి యజమానిదేనన్నది 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం నుంచి వస్తున్న భావన. వ్యవసాయ కరెంటు ఉచితం కాబట్టి ఎక్కువ తోడితే ఎక్కువ బిల్లు వస్తుందన్న భయమూ లేదు. మిగతా సరుకుల్లో కొరతను ధర చెప్తుంది. బోరు నీటి విషయంలో ఆ పని చేసే సంకేతం ఏదీ లేదు, మోటారు గాలి పీల్చే దాకా.

ఆర్థికశాస్త్రంలో 2009లో నోబెల్ పొందిన ఎలినార్ ఆస్ట్రోమ్ తన పీహెచ్‌డీ పరిశోధన చేసింది సరిగ్గా ఈ సమస్య మీదే. దక్షిణ కాలిఫోర్నియాలోని వెస్ట్ బేసిన్‌లో 1940ల నాటికి అందరూ పోటీ పడి తోడటంతో మట్టం పడిపోయి, సముద్రపు ఉప్పునీరు లోపలికి చొరబడటం మొదలైంది. అక్కడ వాడకందార్లు కోర్టు ద్వారా ఒక ఒప్పందానికి వచ్చారు. ఎవరెవరు ఎంత తోడారో ఏటా అందరికీ తెలిసేలా నివేదిక ఇవ్వడం ఆ ఏర్పాటులో ముఖ్య భాగం. నేను తగ్గించుకుంటే పక్కవాడూ తగ్గించుకున్నాడని నాకు తెలియాలి కదా.

అంటే మట్టం ఒక్కటే చాలదు, వాడకం కూడా తెలియాలి. మన ఊళ్లలో బోర్లకు మీటర్లు పెడతామంటే గొడవలవుతాయి, ఆ భయానికి కారణాలూ ఉన్నాయి. ఎవరి బోరు ఎన్ని ఇంచులు పోస్తుందో గోడ మీద పేరుతో సహా రాయడం కూడా నాకు సబబు అనిపించదు. అప్పులవాళ్లూ ఆ గోడ చదువుతారు. అయితే ఏ పంట ఎన్ని ఎకరాలు వేశారన్నది ఈ-పంట నమోదులో ప్రభుత్వం దగ్గర ఇప్పటికే ఉంటుంది. పేర్లు లేకుండా ఊరి మొత్తం వరి ఎకరాలు, వేరుశనగ ఎకరాలు నీటి మట్టం పక్కనే రాస్తే వాడకం దాదాపుగా తేలిపోతుంది. ఒక్కో శాఖ దగ్గర ఒక్కో ముక్క ఉంది. వాటిని కలిపే పని పంచాయతీ చేయగలదు.

ఇందుకు కొత్త పథకం కోసం ఎదురుచూడక్కర్లేదు. 2022 సెప్టెంబరులో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ జల్‌దూత్ అనే యాప్ తెచ్చింది. ఊళ్లో రెండు మూడు బావులు ఎంచుకుని, ఏడాదికి రెండు సార్లు, మే నెలలో ఒకసారి, అక్టోబరులో ఒకసారి మట్టం కొలిచి, ఫొటోతో సహా నమోదు చేయాలన్నది అందులో ఉద్దేశం. మీ ఊళ్లో ఏ బావులు ఎంచుకున్నారో, మే నెలలో ఎంత వచ్చిందో, అక్టోబరులో ఎంత వచ్చిందో పంచాయతీ కార్యదర్శిని అడగవచ్చు. గ్రామ సభలో అడిగితే ఇంకా మంచిది, నలుగురూ వింటారు. ఊరి విస్తీర్ణం రెవెన్యూ రికార్డుల్లో ఉంటుంది. మీ ప్రాంతపు రాతికి స్పెసిఫిక్ ఈల్డ్ ఎంత తీసుకోవాలో జిల్లా భూగర్భజల శాఖ కార్యాలయం చెప్తుంది. పై లెక్కలో 5 మీటర్లున్న చోట మీ ఊరి తేడా పెట్టి చూడండి. వచ్చిన అంకెను నారు పోయకముందే గోడ మీద రాయించాలి. జనవరిలో రాస్తే దానితో చేయగలిగేది పెద్దగా ఉండదు.